గ్లిజరిన్ పుట్టుపూర్వోత్తరాలు: హలాల్ సౌందర్య సాధనాల సరఫరా గొలుసు ఎందుకు బిగుసుకుపోతుంది, చురుకుదనం ఎక్కడ దొరుకుతుంది

రెండు సీసాల్లో గ్లిజరిన్ ఉందనుకుందాం. రెండూ రంగులేని చిక్కటి ద్రవాలే. రెండింటి స్వచ్ఛతా 99.5 శాతమే. నాలుక మీద వేసుకుంటే రెండూ తియ్యగానే ఉంటాయి. ఒకటి పామాయిల్ నుంచి వచ్చింది, రెండోది పశువుల కొవ్వు నుంచి వచ్చింది. ఫ్యాక్టరీలో చేసే మామూలు నాణ్యత పరీక్షలేవీ ఈ తేడాను చెప్పలేవు. నూనెనో కొవ్వునో విడగొట్టి, మరిగించి, శుద్ధి చేసే క్రమంలో మొక్క ఆనవాలూ, జంతువు ఆనవాలూ తుడిచిపెట్టుకుపోతాయి. చివరికి మిగిలేది కాగితం ఒక్కటే: ఏ మిల్లులో పుట్టింది, ఏ ట్యాంకరులో వచ్చింది, ఆ ట్యాంకరులో అంతకుముందు ఏం రవాణా చేశారు.

హలాల్, అంటే ఇస్లాం నియమాలకు సమ్మతమైన, సౌందర్య సాధనాల పరిశ్రమలోని చిక్కు మొత్తం ఈ రెండు సీసాల మధ్యే ఉంది. క్రీము, షాంపూ, టూత్‌పేస్టు, లిప్‌స్టిక్ అన్నింటిలోనూ గ్లిజరిన్ వాడతారు. దాన్ని అమ్మేవారు ప్రపంచమంతటా ఉన్నారు. ధర పెరిగితే వేరేవారి దగ్గర కొనుక్కోవడం మామూలు ఫ్యాక్టరీకి ఒక ఫోను పని. హలాల్ ముద్ర ఉన్న ఫ్యాక్టరీకి అది నెలల పని కావచ్చు. అందుకే ఈ రంగంలో చాలామంది నిర్వాహకులు ధ్రువీకరణనూ, అవసరాన్ని బట్టి వెంటనే మారగల చురుకుదనాన్నీ ఒకే ఒరలో ఇమడని కత్తులుగా చూస్తారు. నా అభిప్రాయం వేరు. ఈ పరిశ్రమలోనూ చురుకుదనం సాధ్యమే. కానీ దానికి కావలసిన పని అవసరం వచ్చిన రోజున చేస్తే కుదరదు, ఎంతో ముందే చేసి పెట్టుకోవాలి.

ముందుగా ఒక అపోహ తొలగాలి. హలాల్ అంటే శాకాహారం అని మనలో చాలామంది అనుకుంటారు. మన తినుబండారాల పొట్లాల మీద ఉండే పచ్చ చుక్కతో దాన్ని పోల్చుకుంటారు. ఆ చుక్క చెప్పేది లోపలి పదార్థం గురించి మాత్రమే. హలాల్ పరిధి అంతకంటే పెద్దది, కొన్నిచోట్ల వేరు కూడా. నియమం ప్రకారం వధించిన పశువు కొవ్వుతో చేసిన సబ్బు హలాల్ కావచ్చు. జంతు పదార్థం చుక్కయినా లేని అత్తరులో మద్యం పరిశ్రమ నుంచి వచ్చిన ఆల్కహాల్ ఉంటే అది కాకపోవచ్చు. పూర్తిగా మొక్కల నూనెతో చేసిన క్రీమును పంది కొవ్వు తాకిన యంత్రంలో కలిపితే అదీ కాదు. అటువంటి యంత్రాన్ని మళ్లీ వాడాలంటే ఏడుసార్లు కడగాలి, అందులో ఒకసారి మట్టి కలిపిన నీటితో కడగాలి. ఇండోనేషియా, మలేషియాల్లో అనుసరించే షాఫియీ అనే ఇస్లాం ధర్మశాస్త్ర సంప్రదాయపు నియమం అది. అంటే తనిఖీ పదార్థంతో ఆగదు. యంత్రం, గిడ్డంగి, లారీ, బ్రష్షు వెంట్రుక దాకా వెళుతుంది. మలేషియా అయితే రవాణాకూ, గిడ్డంగులకూ, చిల్లర అమ్మకానికీ విడివిడిగా ఎం.ఎస్. 2400 పేరుతో ప్రమాణాలే రాసుకుంది.

పేర్లు చేసే తికమక ఇంకొకటి. సీసా వెనక సీటైల్ ఆల్కహాల్ అని కనబడగానే కంగారు పడేవారున్నారు. అది మద్యం కాదు, మైనంలాంటి ముద్ద. దాని విషయంలో అడగవలసిన ప్రశ్న మత్తు గురించి కాదు, అది పామాయిల్ నుంచి వచ్చిందా, కొవ్వు నుంచి వచ్చిందా అని. స్టియరిక్ ఆమ్లానిదీ అదే కథ. చర్మానికి నునుపు తెచ్చే స్క్వాలేన్ సొరచేప కాలేయం నుంచీ వస్తుంది, ఆలివ్ నుంచీ చెరకు నుంచీ వస్తుంది. హైలురానిక్ ఆమ్లాన్ని ఒకప్పుడు కోడిపుంజు తలమీది ఎర్రటి తురాయి నుంచి తీసేవారు, ఇప్పుడు ఎక్కువగా బాక్టీరియాతో పులియబెట్టి తీస్తున్నారు. పులియబెట్టడం అనగానే సమస్య తీరినట్టు కనిపిస్తుంది. నిజానికి అక్కడే కొత్త సమస్య మొదలవుతుంది. దాన్ని అర్థం చేసుకోవాలంటే పాతికేళ్ల కిందటి ఒక వంటింటి సరుకు దగ్గరకు వెళ్లాలి.

ఇండోనేషియాలో మోజోకెర్తో అనే ఊళ్లో అజినొమోటో సంస్థకు ఫ్యాక్టరీ ఉంది. దాని రుచిపొడికి హలాల్ ధ్రువీకరణ ఉండేది. ఆ పొడిని బాక్టీరియాతో పులియబెట్టి చేస్తారు. ఆ బాక్టీరియాను పెంచి దాచుకోవడానికి ఒక పోషక పదార్థం కావాలి. సంస్థ ఆ పోషకాన్ని మార్చింది. కొత్తది సోయా నుంచి చేసినదే. కానీ ఆ సోయాను విడగొట్టడానికి తయారీదారు వాడిన ఎంజైము పంది నుంచి వచ్చింది. ఈ సంగతి 2000 సంవత్సరం చివర్లో బయటపడింది. 2001 జనవరిలో దేశమంతా గగ్గోలు. సరుకును దుకాణాల నుంచి వెనక్కి రప్పించారు, సంస్థ అధికారులను పోలీసులు అదుపులోకి తీసుకున్నారు. తుది పొడిలో పంది పదార్థం లేదు కాబట్టి తినవచ్చని అప్పటి అధ్యక్షుడు అబ్దుర్రహ్మాన్ వాహిద్ అన్నారు. మత పండితుల సంఘమైన ఉలమా మండలి ఒప్పుకోలేదు.

ఎవరిది సరైన వాదన అన్నది మత పండితుల విషయం. నిర్వహణ దృష్టితో చూస్తే నాకు కనిపించేది వేరు. తుది సరుకులో లేదు. ఫ్యాక్టరీ కొన్న పదార్థం పేరులోనూ లేదు, అది సోయానే. సరఫరాదారు వాడిన పదార్థంలో ఉంది. గొలుసులో కొన్ని లంకెల అవతల జరిగిన చిన్న మార్పును అడిగి తెలుసుకునే ఏర్పాటు లోపలివారికి లేకపోయింది. ఆ రోజు కొనుగోలు విభాగంవారు చేసింది బహుశా చాలా మామూలు నిర్ణయమే అయి ఉంటుంది. ఈనాటి హైలురానిక్ ఆమ్లం, విటమిన్లు, పెప్టైడ్లు అన్నీ ఇదే పులియబెట్టే దారిలో వస్తున్నాయి గనుక ఆ పాఠం ఈ రంగానికి ఇంకా పాతబడలేదు.

ఇప్పుడు చట్టం సంగతి. ఇండోనేషియా 2014లో 33వ నంబరు చట్టం చేసి హలాల్ ధ్రువీకరణను స్వచ్ఛందం నుంచి తప్పనిసరి వైపు నడిపించింది. అమలుకోసం బీపీజేపీహెచ్ అనే ప్రభుత్వ సంస్థ 2017లో ఏర్పడింది. సౌందర్య సాధనాలకు పెట్టిన గడువు 2026 అక్టోబరు 17. నిషిద్ధ పదార్థంతో చేసిన సరుకును అమ్మకూడదని చట్టం అనలేదు. అమ్ముకోవచ్చు, అయితే హలాల్ కాదని పొట్లం మీద స్పష్టంగా రాయాలి. ఇవన్నీ వార్తల్లో వచ్చేవే. అంతగా ఎవరూ పట్టించుకోని మార్పు ఒకటుంది. మొదటి చట్టంలో ధ్రువపత్రానికి నాలుగేళ్ల గడువు ఉండేది. తర్వాతి సవరణలతో ఆ గడువు పోయింది. పదార్థాల కూర్పు, తయారీ పద్ధతి మారనంత కాలం పత్రం చెల్లుతుంది.

ఇది వెసులుబాటులా కనిపిస్తుంది, చాలామందికి వెసులుబాటే. కానీ దీని అర్థం మరోలా కూడా చదవాలి. ఇదివరకు పత్రానికి శత్రువు క్యాలెండర్. ఇప్పుడు దానికి శత్రువు మార్పు. ఏమీ కదిలించని సంస్థ హాయిగా ఉంటుంది. సరఫరాదారును మార్చిన ప్రతిసారీ, కొత్త పదార్థం చేర్చిన ప్రతిసారీ ధ్రువీకరించేవారి తలుపు తట్టాలి. సౌందర్య సాధనాల వ్యాపారం మాత్రం మార్పు మీదే బతుకుతుంది. ఈ ఏడాది చెర్రీ రంగు, వచ్చే ఏడాది గోధుమ రంగు. ఈ నెల నియాసినమైడ్ అనే విటమిన్, వచ్చే నెల ఇంకొకటి.

అమ్మకాల వేగం కూడా అక్కడ మరోలా ఉంటుంది. ఇండోనేషియాలో రంజాన్ పండుగకు కనీసం ఏడు రోజుల ముందు ఉద్యోగులకు పండుగ బోనస్ ఇవ్వడం యజమానుల బాధ్యత. ఆ డబ్బు చేతికందగానే బట్టలు, సుగంధాలు, క్రీములు కొంటారు. అయితే రంజాన్ నెల మన క్యాలెండర్‌లో ఏటా దాదాపు 11 రోజులు ముందుకు జరుగుతుంది. కిందటేడు ఇదే నెలలో ఎంత అమ్మాం అని చూసుకుని అంచనా వేసే మామూలు పద్ధతి ఇక్కడ పక్కదారి పట్టిస్తుంది. 2030లో అయితే రంజాన్ నెల జనవరిలో ఒకసారి, డిసెంబరు చివర్లో మళ్లీ ఒకసారి మొదలవుతుంది. ఒకే పద్దు సంవత్సరంలో రెండు రంజాన్లకు సరుకు ఎలా సిద్ధం చేయాలో ఇప్పటి నుంచే ఆలోచించవలసినవారు ఉన్నారు. దీనికి తోడు అమ్మకపు దారులు కూడా రాత్రికి రాత్రి మూసుకుపోతాయి. 2023 అక్టోబరు 4న ప్రభుత్వ నిబంధన వల్ల ఇండోనేషియాలో టిక్‌టాక్ షాప్ ఆగిపోయింది. డిసెంబరులో స్థానిక సంస్థ టోకోపీడియాతో చేతులు కలిపి తిరిగి వచ్చింది. ఆ వేదిక మీదే ఆధారపడ్డ చిన్న బ్రాండ్లకు ఆ మధ్యకాలం ఎంత భారంగా గడిచి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఇంత కదలిక ఉన్నచోట, కదలకుండా ఉంటేనే చెల్లే పత్రంతో వ్యాపారం చేయడం ఎలా? దీనికి మంచి సంస్థలు ఒక దారి కనిపెట్టాయి. ప్రతి ముఖ్యమైన ముడిసరుకుకూ ఇద్దరు ముగ్గురు సరఫరాదారులను, వాళ్ల దగ్గర ప్రస్తుతం కొన్నా కొనకపోయినా, ముందే పరిశీలింపజేసి ఆమోదం తీసుకుంటాయి. గ్లిజరిన్ పట్టికలో మూడు పేర్లు ఉంటాయి. మూడింటికీ పత్రాలు ఉంటాయి. ఈ రోజు మొదటివారి దగ్గర కొంటారు. రేపు అక్కడ ఓడ ఆగిపోతే రెండోవారికి ఫోను చేస్తారు. అప్పుడది నిజంగానే ఒక ఫోను పని అవుతుంది. బయటివారికి కనిపించేది ఆ ఒక్క ఫోను. దాని వెనక ఆరు నెలల ఉత్తరప్రత్యుత్తరాలు ఉన్నాయి.

ఓడ ఆగిపోవడం ఊహ కాదు. 2022 ఏప్రిల్ 28న ఇండోనేషియా తన పామాయిల్ ఎగుమతులను నిషేధించింది, మే 23 దాకా ఎత్తివేయలేదు. ప్రపంచంలో అత్యధికంగా పామాయిల్ పండించే దేశం అది. అప్పటికే ఉక్రెయిన్ యుద్ధంతో పొద్దుతిరుగుడు నూనె కరువైంది. మన ఇళ్లలో నూనె ప్యాకెట్టు ధర ఎలా ఎగబాకిందో తెలుగువారికి గుర్తుండే ఉంటుంది. సబ్బు, క్రీముల తయారీదారులకూ అదే కాలం గడ్డుకాలం. మొక్కల మూలం దొరకకపోతే కొవ్వు మూలానికి మారడం ఇతరులకు సాధ్యం. హలాల్ సంస్థకు ఆ తలుపు దాదాపు మూసే ఉంటుంది. ఇంకో దేశపు పామాయిల్ గ్లిజరిన్, కొబ్బరి మూలపు గ్లిజరిన్ పట్టికలో ముందే చేర్చుకున్నవారే ఊపిరి పీల్చుకోగలరు.

పట్టికలో పేరు చేర్చడం అంత తేలిక కాదన్నది కూడా చెప్పాలి. అన్నిటికంటే కష్టమైనది సువాసన. ఒక సీసా పరిమళంలో పదుల కొద్దీ పదార్థాలు ఉంటాయి. వాటి కూర్పు పరిమళ సంస్థకు ప్రాణంతో సమానమైన రహస్యం, కొనుగోలుదారుకు కూడా చెప్పదు. మరి ధ్రువీకరణ ఎలా? పరిమళ సంస్థ ఆ వివరాలను నేరుగా ధ్రువీకరించే సంస్థకే గోప్యంగా ఇస్తుంది. క్రీము తయారీదారు చేతికి తీర్పు మాత్రమే వస్తుంది, కూర్పు రాదు. ఈ ఏర్పాటు పనిచేస్తుంది కానీ సమయం తీసుకుంటుంది. కొత్త సువాసనతో పండుగకు సరుకు దించాలనుకునేవారు దాన్ని చిట్టచివరి పనిగా పెట్టుకుంటే పండుగ దాటిపోతుంది.

రంగుల్లో ఇంకో రకం చిక్కు. లిప్‌స్టిక్‌కు ఎరుపు ఇచ్చే కొచినీల్ పురుగు రంగును ఇండోనేషియా ఉలమా మండలి 2011లో ఫత్వా ఇచ్చి అనుమతించింది. అన్ని దేశాల పండితులూ, అన్ని సంప్రదాయాలవారూ దాన్ని అదే విధంగా చూడరు. ఒక దేశానికి సరిపోయిన ఎరుపు మరో దేశపు సరిహద్దులో ఆగిపోవచ్చు. నాలుగు దేశాలకు నాలుగు కూర్పులు పెట్టుకుంటే నిల్వలు నాలుగు ముక్కలవుతాయి. ఒక దేశంలో మిగిలింది మరో దేశానికి పంపలేరు. అందుకే అందరికీ అభ్యంతరం లేని ఖనిజ రంగునో కృత్రిమ రంగునో ఎంచుకుని, కొంచెం ఖర్చు ఎక్కువైనా ఒకే కూర్పుతో నడవడం మేలని నా అభిప్రాయం.

అదే తర్కాన్ని తయారీలోనూ వాడతారు. లిప్‌స్టిక్‌కు మూలమైన మైనం, నూనెల ముద్ద అన్ని రంగులకూ దాదాపు ఒకటే. ఆ ముద్దను పెద్దమొత్తంలో చేసి ఉంచుకుని, ఏ రంగు అమ్ముడవుతోందో తెలిశాక చివర్లో రంగు కలుపుతారు. పొట్లం మీది ముద్రను ఇంకా ఆఖర్న వేస్తారు. మన దేశపు ఎగుమతిదారులకు ఈ ఆఖరి మెట్టు మరీ ముఖ్యం. 2023 నవంబరులో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం హలాల్ ముద్ర ఉన్న సరుకుల తయారీ, నిల్వ, అమ్మకాలను తన రాష్ట్రంలో నిషేధించింది, ఎగుమతికి మాత్రం మినహాయింపు ఇచ్చింది. ఒకే క్రీము, ఒకే యంత్రం, రెండు పొట్లాలు. ఏ పొట్లం ఎటు వెళుతుందో ఎంత ఆలస్యంగా తేల్చుకుంటే అంత మంచిది.

ఇన్ని కొసలను పట్టుకుని కూర్చునే మనిషి ఒకరు కావాలి. ఇండోనేషియా చట్టం ప్రతి సంస్థలోనూ హలాల్ పర్యవేక్షకుడు ఉండాలంటుంది, అక్కడి మాటలో ‘పెన్యెలియా హలాల్’. ఆయన ముస్లిం అయి ఉండాలి, విషయ పరిజ్ఞానం ఉండాలి. చట్టం ఇంతవరకు చెబుతుంది. ఆ మనిషిని ఎక్కడ కూర్చోబెట్టాలో మాత్రం యాజమాన్యమే నిర్ణయించుకోవాలి. అసలు తేడా అక్కడే వస్తుంది. కొన్నిచోట్ల ఆయన పని అంతా అయ్యాక సంతకం పెట్టే మనిషి. పరిశోధన విభాగం కూర్పు తేల్చాక, కొనుగోలు విభాగం బేరం కుదిర్చాక కాగితం ఆయన బల్ల మీదకు వస్తుంది. అప్పుడాయన కాదంటే అందరి శ్రమా వృథా, అవునంటే ఆయన మనసుకు భయం. ఆయన్ను కూర్పు మొదటి సమావేశంలోనే కూర్చోబెట్టిన సంస్థలో ‘ఈ స్టియరేట్ ఎక్కడిది?’ అన్న ప్రశ్న మొదటి రోజే వస్తుంది. ఆ ప్రశ్న డబ్బా దాకా వెళ్లవలసిందే. ప్లాస్టిక్‌లో కలిపే కాల్షియం స్టియరేట్ కూడా పామాయిల్ నుంచీ రావచ్చు, కొవ్వు నుంచీ రావచ్చు.

ఈ పద్ధతిని వ్యాపారపు పునాదిగా చేసుకున్న పేరు ఒకటి చెప్పాలి. బాండుంగ్ సాంకేతిక విద్యాసంస్థలో ఫార్మసీ చదివిన నుర్హయాతి సుబకత్ 1985లో ఇంట్లో షాంపూ తయారీతో మొదలుపెట్టారు. మధ్యలో ఫ్యాక్టరీ కాలిపోయింది. మళ్లీ కూడగట్టుకుని 1995లో ‘వార్దా’ బ్రాండు తెచ్చారు, అరబ్బీలో గులాబీ అని అర్థం. చట్టం తప్పనిసరి చేయడానికి రెండు దశాబ్దాల ముందే ఆ బ్రాండు హలాల్‌ను తన గుర్తింపుగా ఎంచుకుంది. నేడు ఆమె స్థాపించిన పారగాన్ సంస్థ ఇండోనేషియాలో అతి పెద్ద సౌందర్య సాధనాల సంస్థల్లో ఒకటి. చట్టం వచ్చాక పరుగులు మొదలుపెట్టినవారికీ, పట్టికలు, పత్రాలు, సరఫరాదారులతో నమ్మకం ఏళ్ల తరబడి పేర్చుకున్నవారికీ తేడా ఉండటంలో ఆశ్చర్యం లేదు.

నాకు బాధ కలిగించేది చిన్నవారి పరిస్థితి. ఇండోనేషియాలో కొత్త బ్రాండ్లలో చాలావాటికి సొంత ఫ్యాక్టరీ ఉండదు. ఒప్పందం మీద ఇతరులకు తయారుచేసి ఇచ్చే ఫ్యాక్టరీలకు అప్పగిస్తారు, దాన్ని అక్కడ ‘మక్లోన్’ అంటారు. బ్రాండు యజమాని ఎంత నిష్ఠగా ఉన్నా, తన క్రీము హలాల్ అవునో కాదో ఆ ఫ్యాక్టరీలో పక్క యంత్రం మీద ఏం నడుస్తోందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. పెద్ద బ్రాండు అడిగితే మక్లోన్ యాజమాన్యం పత్రాలన్నీ చూపిస్తుంది. ఐదు వందల సీసాలు చేయించుకునే మనిషికి ఆ పలుకుబడి ఎక్కడిది?

ఇదంతా మతానికి సంబంధించిన అదనపు బరువు అనుకునేవారికి ఒక సంఘటన గుర్తుచేయాలి. 2022లో ఇండోనేషియాలో దగ్గు, జ్వరం సిరప్పులు తాగిన పిల్లలు మూత్రపిండాలు దెబ్బతిని చనిపోయారు, 200 మందికి పైగా. ప్రొపిలీన్ గ్లైకాల్ పేరుతో వచ్చిన ద్రావకంలో విషపూరితమైన ఇథిలీన్ గ్లైకాల్ ఉంది. గొలుసు మధ్యలో ఎక్కడో డబ్బా మీది పేరు ఒకటి, లోపలి ద్రవం ఒకటి. ఆ ప్రొపిలీన్ గ్లైకాల్ క్రీముల్లోనూ వాడే పదార్థమే. అక్కడ పరీక్ష చేసి ఉంటే విషం బయటపడేది. గ్లిజరిన్ మూలం అలా మామూలు పరీక్షకైనా దొరకదు. ఈ డబ్బా ఎవరి చేతుల మీదుగా వచ్చిందన్న ప్రశ్న మాత్రం రెండుచోట్లా ఒకటే. హలాల్ తనిఖీ ఆ ప్రశ్నను అడగడం అలవాటు చేస్తుంది.

మన నేల మీద నుంచి ఈ గొలుసులోకి వెళ్లే సరుకు కూడా ఉంది. లిప్‌స్టిక్‌లో మెరుపుకూ, రంగు పరుచుకోవడానికీ వాడే ప్రధానమైన నూనెల్లో ఆముదం ఒకటి. ప్రపంచంలో అత్యధికంగా ఆముదాలు పండించేది భారతదేశం. అందులో సింహభాగం గుజరాత్‌దే అయినా పాత మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల మెట్ట చేలలో ఇది తాతల నాటి పంట. మొక్క నూనే కదా, హలాల్ ధ్రువీకరణకు అడ్డేముంటుంది అనిపిస్తుంది. తనిఖీకి వచ్చినవారు అడిగే ప్రశ్న గింజ గురించి కాకపోవచ్చు. నూనెను తెల్లబరచడానికి మిల్లులో ఉత్తేజిత బొగ్గు వాడతారు. ఆ బొగ్గు కొబ్బరి చిప్పలదా, కట్టెలదా, ఎముకలదా? బొగ్గు అమ్మినవారి దగ్గర నుంచి ఆ జవాబు రాతపూర్వకంగా తెచ్చి దస్త్రంలో పెట్టుకున్న మిల్లు పేరు జకార్తాలో ఎవరి పట్టికలోనైనా రెండో వరసలో చేరగలదు. మొదటి వరసలో ఉన్నవారి ఓడ ఆగిన రోజు వచ్చే ఫోను ఆ మిల్లుకే వస్తుంది.